కొలెస్ట్రాల్ మాత్ర భోజనానికి ముందా, తరువాతా?

భోజనం చేసిన వెంటనే కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మాత్ర వేసుకుంటే మందు ఒంటికి పట్టదేమోనని మీరు అడిగారు. ఆ భయం అక్కరలేదు. ఆహారంతో కలిసినప్పుడు ఈ మందు రక్తంలోకి కాస్త నెమ్మదిగా, కొద్దిగా తక్కువగా చేరుతుంది కానీ, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ తగ్గడంలో తేడా ఉండదు. ఇదే రకానికి చెందిన రోసువాస్టాటిన్‌ను కూడా ఎప్పుడైనా వేసుకోవచ్చు. అదే రకంలోని లోవాస్టాటిన్ సంగతి వేరు: ఖాళీ కడుపుతో వేసుకుంటే, భోజనంతో వేసుకున్నప్పుడు చేరే మందులో సుమారు మూడింట రెండు వంతులే రక్తంలోకి చేరుతుంది కనుక, మామూలు మాత్రను రాత్రి భోజనంతో పాటు వేసుకోమంటారు.

నా అనుభవంలో చిక్కు ఆహారం వలన రాలేదు. రోసువాస్టాటిన్ మొదలుపెట్టిన మూడు నెలలకు చేయించుకున్న పరీక్షలో ఎల్‌డీఎల్ అనుకున్నంత తగ్గలేదు. డాక్టరు గారు మోతాదు పెంచే ముందు, రాత్రిపూట నేను ఏమేమి వేసుకుంటానో వరుసగా చెప్పమన్నారు. కడుపులో మంటకు చిక్కటి తెల్లని యాంటాసిడ్‌ను మూతతో కొలిచి తాగి, అదే మూతలో నీళ్లు పోసుకుని మాత్ర మింగేవాడిని. అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌లు ఉన్న యాంటాసిడ్‌ను ఇలా కలిపి వేసుకుంటే రక్తంలో రోసువాస్టాటిన్ దాదాపు సగానికి పడిపోతుందని, మాత్ర వేసుకున్న రెండు గంటల తరువాతే దానిని తాగాలని అప్పుడు తెలిసింది. అలా మార్చాక తరువాతి పరీక్షలో ఎల్‌డీఎల్ బాగా తగ్గింది. ఆ నెలల్లోనే నూనె వంటకాలు కూడా తగ్గించాను కనుక, ఫలితమంతా ఆ ఒక్క మార్పుదేనని చెప్పలేను.

గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు) రసం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది మందును తగ్గించదు, పెంచుతుంది. పేగు గోడలో మందును విరగ్గొట్టే సీవైపీ3ఏ4 అనే ఎంజైమును ఆ రసం అడ్డుకోవడం వలన సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్, కొంతవరకు మీ అటోర్వాస్టాటిన్ కూడా రక్తంలోకి ఎక్కువగా చేరి కండరాలకు హాని చేసే ప్రమాదం ఉంది. కారణం లేకుండా కండరాల నొప్పి గానీ, మూత్రం ముదురు రంగులో రావడం గానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.

కొలెస్ట్రాల్ తగ్గించే మరో మందైన కొలెస్టిరమిన్ పొడి కూడా వాడుతుంటే అది పేగులో ఇతర మందులను పట్టుకుంటుంది. అటోర్వాస్టాటిన్‌ను దానికి కనీసం గంట ముందు గానీ, నాలుగు నుంచి ఆరు గంటల తరువాత గానీ వేసుకోండి. మీరు వాడే మందులన్నిటినీ, యాంటాసిడ్‌తో సహా, వేళలతో ఒక కాగితం మీద రాసి ఫార్మసిస్టుకు చూపించండి.