సైనికుడిని పెళ్ళి చేసుకుంటే సిటిజన్‌షిప్ దానంతట అదే వచ్చేస్తుందా?

సందేహం: మేం టెక్సస్‌లో ఉంటాం. మా వారు అమెరికన్. వారి అమ్మమ్మ గారు జపాన్‌లో పుట్టారు, 1951 జనవరిలో యొకొసుకాలో ఒక అమెరికా సైనికుడిని పెళ్ళి చేసుకున్నారు. మా అత్తగారు అదే ఏడాది నవంబర్‌లో అక్కడే పుట్టారు. 1952 చివర్లో ముగ్గురూ ఓడ మీద సియాటిల్ వచ్చారు. తాతగారు పోయి చాలా కాలమైంది. అమ్మమ్మ గారికి ఇప్పుడు తొంభై దాటాయి, ఒక్కసారి జపాన్ వెళ్ళి చెల్లెలిని చూసి రావాలని ఆశ. పాస్‌పోర్ట్‌కి పెడితే సిటిజన్‌షిప్ రుజువు అడిగారు. ఆవిడ దగ్గర గడువు తేదీ లేని పాత గ్రీన్‌కార్డు తప్ప ఏమీ లేదు. "సైనికుడి భార్యని, నాకు అప్పుడే వచ్చేసింది" అంటారు. ఎప్పుడో ఓటు కూడా వేశారట. అత్తగారికి కూడా ఇంతవరకు పాస్‌పోర్ట్ లేదు, ఇప్పుడు ఆవిడ సంగతీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక పని ఆపండి. పాస్‌పోర్ట్ అప్లికేషన్ మళ్ళీ వేయొద్దు, సిటిజన్‌షిప్ కోసం ఎన్-400 కూడా ఇప్పుడే వేయొద్దు, ఆవిడని విమానం అసలే ఎక్కించొద్దు. ఎందుకో చెప్తాను.

పెళ్ళి చేసుకుంటే సిటిజన్‌షిప్ వచ్చేస్తుందన్న మాట 1922 సెప్టెంబర్ వరకు నిజం, అదీ కొందరికే. ఆ ఏడాది వచ్చిన కేబుల్ చట్టంతో అది పోయింది. ఆ తర్వాత అమెరికన్‌ని కట్టుకున్న ఏ విదేశీ స్త్రీ అయినా విడిగా అప్లై చేసుకుని ప్రమాణం చేయాల్సిందే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1945 డిసెంబర్ 28న వచ్చిన వార్ బ్రైడ్స్ చట్టం కూడా సైనికుల భార్యలకి ఇచ్చింది ప్రవేశమే, దేశానికి ఏడాదికి ఇంతమందే అన్న కోటా లెక్కలు చూడకుండా లోపలికి రానివ్వడమే. ఇంగ్లండ్ నుంచి 452 మంది భార్యలతో మొదటి ఓడ 1946 ఫిబ్రవరి 4న న్యూయార్క్ చేరితే పేపర్లన్నీ ఫొటోలు వేసుకున్నాయి, కానీ ఆ ఓడ దిగిన ఆడవాళ్ళలో ఒక్కరూ ఆ రోజు సిటిజన్ కాదు. ఆ ప్రవేశం కూడా హక్కుగా ఇచ్చింది కాదు. ఎలెన్ నాఫ్ అనే జర్మనీలో పుట్టిన ఆవిడ 1948లో సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక అమెరికన్‌ని పెళ్ళాడి న్యూయార్క్ వస్తే, రహస్య సమాచారం ఉందంటూ విచారణ కూడా లేకుండా ఎల్లిస్ ఐలాండ్‌లో ఆపేశారు. 1950లో సుప్రీంకోర్టు అది సరైనదే అంది. చివరికి 1951 నవంబర్‌లో గానీ ఆవిడని రానివ్వలేదు.

మీ అమ్మమ్మ గారి విషయానికి వస్తే, 1945 చట్టం ఆవిడకి అసలు వర్తించేది కాదు. అందులో "మిగతా అన్ని విధాలా ప్రవేశానికి అర్హులైతే" అని ఒక షరతు ఉంది, జపాన్ వాళ్ళు జాతి కారణంగా అప్పటికి అనర్హులు. (మనవాళ్ళూ అదే వరసలో ఉండేవాళ్ళు. 1946 జూలై 2న లూస్-సెల్లర్ చట్టం వచ్చి ఏడాదికి వంద మంది చొప్పున గేటు తీసేదాకా భారతీయులకి కూడా దారి లేదు.) జపాన్ భార్యల కోసం 1947లో ఒకసారి, 1950 ఆగస్టు 19న మరోసారి తాత్కాలిక సడలింపులు ఇచ్చారు. రెండోదాని ప్రకారం చట్టం వచ్చిన ఆరు నెలల లోపు జరిగిన పెళ్ళిళ్ళు చెల్లుతాయి, తర్వాత గడువు పొడిగించారు. 1951 జనవరి పెళ్ళి ఆ మొదటి ఆరు నెలల్లోనే పడింది కాబట్టి ఆవిడ ప్రవేశం చట్టబద్ధమే అనుకోవచ్చు, చేతిలో ఉన్న గ్రీన్‌కార్డు కూడా అదే చెప్తోంది.

సిటిజన్‌షిప్ మాత్రం వేరే కథ. జపాన్ వాళ్ళకి అమెరికన్ పౌరసత్వానికి అప్లై చేసే హక్కే 1952 డిసెంబర్ 24 దాకా లేదు. ఆ రోజు నుంచి మెకారన్-వాల్టర్ చట్టం అమల్లోకి వచ్చి జాతి అడ్డు తీసేసింది. అప్పుడు కూడా సిటిజన్ భార్యకి మామూలుగా మూడేళ్ళ నివాసం కావాలి, అంటే 1955 ముందు కుదరదు. భర్తని మళ్ళీ విదేశానికి పోస్టింగ్ చేసి ఉంటే ఆగకుండా ప్రమాణం చేసే వీలుండేది. అందుకని తాతగారి పోస్టింగులు ఎక్కడెక్కడో అమ్మమ్మ గారిని కూర్చోబెట్టి అడగండి. జడ్జి ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసిన గుర్తు ఉందా అని కూడా అడగండి. ఆ రోజుల్లో చాలామందికి కోర్టులోనే అయ్యేది. ఆ తరం వాళ్ళు సర్టిఫికెట్‌ని బీరువా అడుగున ఏ పెళ్ళి ఫొటోల మధ్యో దాచి మర్చిపోవడం మామూలే, ఇల్లంతా వెతకండి.

ఇంట్లో దొరక్కపోతే ఆవిడ సంతకంతో యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) నుంచి ఆవిడ ఏ-ఫైల్ (అక్కడ ఆవిడ పేరు మీద ఉండే ఇమిగ్రేషన్ ఫైలు) కాపీ సమాచార చట్టం కింద తెప్పించండి. పాత కార్డు మీద "ఏ" అక్షరంతో మొదలయ్యే ఆ ఫైలు నంబర్ ఉంటుంది, అదే తాళంచెవి. పుట్టింటి పేరు, పెళ్ళయ్యాక పేరు, జపాన్ పేరుకి వేర్వేరు స్పెల్లింగులు అన్నీ రాయండి, ఆ రోజుల్లో గుమాస్తాకి వినబడినట్టు రాసేసేవాడు. ఫైల్లో ప్రమాణం చేసిన రికార్డు ఉంటే గొడవే లేదు, ఎన్-565 వేసి సర్టిఫికెట్ కాపీ తెచ్చుకుని దాంతో పాస్‌పోర్ట్ తీసుకోవచ్చు.

ఫైల్లో అలాంటిదేమీ లేకపోతే ఆవిడ డెబ్బై ఏళ్ళుగా గ్రీన్‌కార్డు మీదే ఉన్నట్టు. కార్డు పాతబడినంత మాత్రాన హోదా పోదు, ఆ పాత ఐ-151 కార్డులు మాత్రం 1996 మార్చి నుంచి చెల్లవు, ఐ-90 వేసి కొత్తది తీసుకోవాలి. అయితే ఓటు సంగతి తేలకుండా అది కూడా వేయొద్దు. సిటిజన్ కాకుండా ఓటేయడం, సిటిజన్‌ని అని చెప్పుకోవడం 1996 చట్టాలతో ఇమిగ్రేషన్‌లో చాలా పెద్ద విషయాలయ్యాయి. పాస్‌పోర్ట్ ఫారంలో సిటిజన్ అని రాయడం కూడా ఇదే కోవలోకి రావచ్చు. నిజంగా నమ్మి చేశారన్నది క్రిమినల్ కేసులో బలంగా పనికొస్తుంది, ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు మాత్రం ప్రతిసారీ ఆదుకోదు. ఎన్-400లో ఓటు గురించి నేరుగా అడుగుతారు, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో కూడా ప్రశ్నలు రావచ్చు. అందుకే పైన ఆగమన్నాను. ఇన్నేళ్ళ నివాసం ఉన్నవాళ్ళకి ఇమిగ్రేషన్ జడ్జి ఇవ్వగల ఊరట చట్టంలో ఉంది, తొంభై దాటిన ఆవిడని, అదీ సైనికుడి విధవని, దేశం నుంచి పంపేయడానికి ఎవరూ ఉత్సాహపడరని నా అంచనా. కానీ అంచనాల మీద అప్లికేషన్లు వేయకూడదు. ఓటు ఏ ఏడాది, ఏ ఎన్నిక, రిజిస్టర్ చేసింది ఆవిడేనా అన్నది తెలుసుకుని, కాగితాలతో మీ ఊళ్ళో ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

సిటిజన్ కాలేదని తేలితే ఇంకో సంగతి కూడా ఉంది. అప్పుడు ఆవిడ ఇంకా జపాన్ పౌరురాలే. 1950 జపాన్ చట్టం ప్రకారం విదేశీయుడిని పెళ్ళాడితే పౌరసత్వం పోదు, సొంత ఇష్టంతో వేరే దేశ పౌరసత్వం తీసుకుంటేనే పోతుంది. అక్కడి కుటుంబ రిజిస్టర్ నకలు తెప్పించుకుంటే జపాన్ కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ అడగొచ్చు. లాయర్ సరేనన్నాక, చెల్లెలిని చూడటమే ముఖ్యమైతే జపాన్ పాస్‌పోర్ట్, కొత్త గ్రీన్‌కార్డు చాలు. ఈ వయసులో ఇంటర్వ్యూలు, ప్రమాణాలు ఎందుకు? కావాలంటే మాత్రం అరవై ఐదు దాటి ఇరవై ఏళ్ళు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి సొంత భాషలో, చిన్న ప్రశ్నల జాబితాతో పరీక్ష ఉంటుంది.

ఇక అత్తగారు. ఆవిడ కేసు నాకు తల్లి కేసు కంటే బాగా కనబడుతోంది. 1940 చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డకి పౌరసత్వం రావాలంటే తండ్రి అంతకుముందు పదేళ్ళు అమెరికాలో ఉండాలి, అందులో ఐదేళ్ళు పదహారు దాటాక. అంటే ఇరవై ఒకటి నిండని సైనికుడి బిడ్డకి రాదు! దేశం కోసం పంపింది పద్ధెనిమిదేళ్ళ పిల్లల్ని, చట్టం రాసింది పెద్దవాళ్ళని దృష్టిలో పెట్టుకుని. 1956 మార్చి 16న దీన్ని సరిదిద్దారు. 1946 తర్వాత, 1952 డిసెంబర్ 24 లోపు సైన్యంలో పనిచేసిన వాళ్ళ బిడ్డలకి, పాత నిబంధన కింద రాకపోతే, ఆ పదేళ్ళలో ఐదేళ్ళు తండ్రికి పద్నాలుగు దాటాక ఉంటే చాలు, విదేశంలో చేసిన సైనిక సేవ కూడా కలుస్తుంది. తాతగారు అమెరికాలోనే పుట్టి పెరిగి, బిడ్డ పుట్టేసరికి పంతొమ్మిది నిండి ఉంటే సరిపోయినట్టే. చిన్నప్పుడే వచ్చి ఇక్కడే పెరిగారు కాబట్టి పౌరసత్వం నిలుపుకోవడానికి పెట్టిన నివాస షరతూ తీరినట్టే. తాతగారి బర్త్ సర్టిఫికెట్, సైనిక డిశ్చార్జ్ కాగితం, పెళ్ళి రికార్డు, అత్తగారి జపాన్ జనన నమోదు సిద్ధం చేసుకోండి, సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కోసం ఎన్-600 వేయొచ్చు, లేదా అవే కాగితాలతో నేరుగా పాస్‌పోర్ట్‌కి వెళ్ళొచ్చు. తాతగారి పుట్టిన తేదీ మీరు రాయలేదు, ముందు అది చూడండి.