పాఠకుల ప్రశ్నలు: మెయిల్ చిరునామా దాచబోతే పేజీయే మాయమైంది

ప్రశ్న: గుంటూరులో మాది మిర్చి ఎగుమతి వ్యాపారం. కొనుగోలుదారులు మా వెబ్‌సైటు చూసి ఈమెయిల్ పంపుతుంటారు. ఆ చిరునామాకు చెత్త మెయిళ్లు విపరీతంగా రావడంతో, దాన్ని దాచే చిన్న జావాస్క్రిప్ట్ (వెబ్ పేజీలో నడిచే ప్రోగ్రాము) ఒకటి సంపాదించి, వర్డ్ ఫైలులో మా చిరునామా చేర్చుకొని సైటులో అతికించాను. ‘సంప్రదించండి’ పేజీలో ఇప్పుడు చిరునామా అసలు కనిపించడం లేదు. సరుకు వివరాల పేజీలో ‘మెయిల్ చూపించు’ బటన్ నొక్కితే పేజీ అంతా పోయి చిరునామా ఒక్కటే మిగులుతోంది. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండు పేజీలలోనూ కనిపించేది ఒకే స్క్రిప్టు అయినా లోపాలు మాత్రం వేర్వేరు.

మొదటిదానికి కారణం చాలావరకు వర్డ్ ఫైలే అయి ఉంటుంది. నిటారుగా ఉండవలసిన కొటేషన్ గుర్తులను వర్డ్ తనంతట తానే వంపు గుర్తులుగా మార్చేస్తుంది. చదివేవారికి అది తేడాగా అనిపించదు గాని, జావాస్క్రిప్ట్ ఆ వంపు గుర్తులను కొటేషన్లుగా గుర్తించదు. పైగా బ్రౌజరు స్క్రిప్టు మొత్తాన్ని ముందుగా చదివి, రాత సరిగా ఉంటేనే అమలు మొదలుపెడుతుంది కనుక, ఒక్క గుర్తు తప్పినా ఆ స్క్రిప్టులో ఒక్క వరుస కూడా నడవదు. కంప్యూటరులో క్రోమ్ తెరిచి, ఆ పేజీలో ఉండగా ఎఫ్12 నొక్కి, కన్సోల్ అనే భాగం చూడండి. ‘సింటాక్స్ ఎర్రర్’ అని ఎర్ర అక్షరాలతో కనిపిస్తే ఇదే లోపం. పక్కనే వరుస సంఖ్య కూడా ఉంటుంది. ఒకసారి వంపు తిరిగిన గుర్తులు నోట్‌ప్యాడ్‌లోకి మార్చినంత మాత్రాన సరికావు, వాటిని చెరిపి అక్కడే మళ్లీ టైపు చేయాలి.

ఒకవేళ కన్సోల్‌లో ‘నల్’ (ఏమీ లేదు) అనే మాటతో సందేశం వస్తే, చిరునామా చూపవలసిన చోటు పేజీలో ఇంకా తయారు కాకముందే స్క్రిప్టు నడుస్తోందన్నమాట. స్క్రిప్టును పేజీ చివరకు, బాడీ ట్యాగు (పేజీలో కనిపించే భాగాన్ని చుట్టి ఉండే గుర్తు) ముగిసే ముందుకు, జరపండి. ‘డిఫర్’ (పేజీ తయారయ్యాకే నడవమనే మాట) అని చేర్చమని కొందరు సలహా ఇస్తారు; అది విడి ఫైలుగా ఉన్న స్క్రిప్టుకే పనిచేస్తుంది, మీలాగా పేజీలోనే రాసినదానికి పనిచేయదు.

రెండవ పేజీలో జరుగుతున్నది ‘డాక్యుమెంట్.రైట్’ అనే పాత ఆదేశం పని. పేజీ తయారవుతున్నప్పుడు నడిస్తే అది ఉన్నచోటనే రాస్తుంది. పేజీ పూర్తయిన తరువాత, అంటే బటన్ నొక్కినప్పుడు నడిస్తే, ఉన్న పేజీని తుడిచివేసి కొత్తదాన్ని మొదలుపెడుతుంది. ఆ ఆదేశాన్ని పూర్తిగా మానుకోండి. బటన్ పక్కన ఒక ఖాళీ స్పాన్ ట్యాగు (రాత కోసం చిన్న చోటు) పెట్టి, దానికి ఐడీ (గుర్తింపు పేరు) ఇచ్చి, ఆ చోటులోని రాతను మార్చే ‘టెక్స్ట్‌కంటెంట్’ ద్వారా చిరునామాను అందులో నింపించండి.

ఇక దాచడం గురించి. చిరునామాలు ఏరుకునే రోబోలు పేజీ మూలరూపాన్ని (బ్రౌజరు అందుకునే అసలు కోడును) చదివి, మెయిల్ లింకులో ఉండే ‘మెయిల్‌టు’ అనే మాట కోసం, ఎట్ గుర్తు కోసం వెతుకుతాయి. చాలా రోబోలు స్క్రిప్టులను నడపవు కాబట్టి, పేరును, డొమైనును (ఎట్ గుర్తు తరువాతి భాగాన్ని) విడివిడిగా ఉంచి స్క్రిప్టుతో కలిపే పద్ధతి వాటి విషయంలో పనిచేస్తుంది. ఎట్ గుర్తుకు బదులు దాని సంఖ్యా సంకేతమైన 64ను రాయడం బలహీనమైన ఉపాయం. దాన్ని విప్పడం రోబోకు కూడా తేలికే. సరిచేశాక కంట్రోల్‌తో పాటు యూ నొక్కి, మూలరూపంలో ఎట్ గుర్తు కోసం మీరే వెతకండి. పేజీ అడుగున, సరుకుల పట్టిక పీడీఎఫ్‌లో అదే చిరునామా బాహాటంగా ఉంటే మిగతా శ్రమ అంతా వృథా.

కొందరి బ్రౌజర్లలో స్క్రిప్టులు నిలిపివేసి ఉంటాయి. అటువంటి కొనుగోలుదారు ఖాళీ చోటు చూసి వెనుదిరగకుండా స్క్రిప్టులు నిలిపివేసినప్పుడే కనిపించే ‘నోస్క్రిప్ట్’ ట్యాగులో మీ కార్యాలయం ఫోను నంబరు ఇవ్వండి. రోబోకు దొరకకపోవడం కన్నా కొనుగోలుదారుకు దొరకడం ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

ఇప్పటికే జాబితాలకెక్కిన చిరునామాకు చెత్త మెయిళ్లు మాత్రం ఆగవు. సైటు కోసం కొత్త చిరునామా తెరిచి, పాతదాన్ని తెలిసిన ఖాతాదారులకే ఉంచుకోండి.

ప్రశ్న: విజయవాడ ఏలూరు రోడ్డులో మా పుస్తకాల దుకాణం. చిరునామాను బొమ్మగా పెడితే సరిపోదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దని చెబుతాను. చూపు లేని పాఠకులకు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు బొమ్మలోని అక్షరాలను నమ్మకంగా చదవలేదు. వారి కోసం బొమ్మకు వివరణగా చిరునామా రాస్తే రోబో కూడా దాన్నే చదువుతుంది. మీకు సంప్రదింపుల ఫారం మేలు. అయితే కొన్ని పాత ఫారాలు, మెయిల్ ఎవరికి వెళ్లాలో ఆ చిరునామాను కనిపించని గడిలో పేజీలోనే ఉంచుతాయి. పేజీ మూలరూపం తెరిస్తే అది అందరికీ కనిపిస్తుంది కనుక, చిరునామాను సర్వరులోని ప్రోగ్రాములోనే ఉంచమని మీ సైటు తయారుచేసినవారికి చెప్పండి.