బారెన్ ద్వీపంలో ఉన్నది నిజంగా బతికున్న అగ్నిపర్వతమేనా?

అండమాన్‌లోని బారెన్ ద్వీపాన్ని చూసొచ్చిన వాళ్ళు పొగ కూడా కనపడలేదంటున్నారు, మరి దీన్ని భారతదేశపు ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం అని ఎందుకంటారని అడిగారు. వాళ్ళు చూసిన వైపు తప్పు, చూసిన వేళా తప్పు. అంతే.

నేను పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో వెళ్ళాను. దాదాపు 140 కిలోమీటర్లు, రాత్రంతా ప్రయాణం. తెల్లారేసరికి ఎదురుగా చెట్లు మొలిచిన పచ్చటి కొండ. ‘ఇదేనా!’ అని సగం మంది టిఫిన్‌కి వెళ్ళిపోయారు. ఓడ పడమటి వైపుకు తిరిగాక అసలు సంగతి బయటపడింది. అక్కడ ఆ కొండ తెగిపోయి ఉంది. ఆ సందులోంచి చూస్తే లోపల నల్లగా ఇంకో కొండ. దాని మీంచి జారిన లావా గరుకు రాళ్ళుగా గడ్డకట్టి, అలలు తగిలేదాకా పరుచుకుని ఉంది. శిఖరం దగ్గర పల్చగా తెల్లటి ఆవిరి. టిఫిన్ బ్యాచ్‌కి ఇదేదీ దక్కలేదు.

ఆ పచ్చకొండ కూలిపోయిన పాత అగ్నిపర్వతం అంచు. సుమారు 2 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గుంటలో కొత్త కొండ లేచింది. మొత్తం అగ్నిపర్వతంలో నీటి పైకి కనిపించేది 350 మీటర్లే, సముద్రం కింద ఇంకో 2 వేల మీటర్ల పైనే ఉంది.

1787 నుంచి 1832 దాకా అప్పుడప్పుడు పేలి, తర్వాత నూటయాభై ఏళ్ళకు పైగా పడుకుంది. 1991లో లేచింది. 1994-95లో మళ్ళీ, 2005లో మళ్ళీ. 2004 సునామీ భూకంపమే దీన్ని లేపిందని వాట్సాప్‌లో తెగ తిప్పుతుంటారు. కొందరు శాస్త్రవేత్తలూ 2005 పేలుడుకి దానితో ముడిపెడతారు. నేను మాత్రం ఒప్పుకోను. 1991లో ఏ సునామీ వచ్చిందట? భూమి పైపొర పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, వాటినే ఫలకాలంటారు. అక్కడ భారత ఫలకం బర్మా ఫలకం కిందికి దూరుతూనే ఉంది, దానివల్ల శిలాద్రవం (కరిగిన రాయి) పుడుతూనే ఉంది. దానికి వేరే సాకు అక్కర్లేదు.

2017 జనవరిలో గోవా సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు దగ్గర్లో మట్టి నమూనాలు తీస్తుండగా మళ్ళీ మొదలైంది. పగలు బూడిద మబ్బులే కనిపించాయట, పొద్దుగూకాకే ఎర్రటి లావా చిమ్మడం తెలిసింది. పగలు తిరిగొచ్చేసి చచ్చిపోయిందని తీర్పులిస్తే ఎలా?

ఇంకోటి. అండమాన్‌లోనే ఉన్న బారాటాంగ్ దీవిలో బుడగలొచ్చే బురద గుంటల్ని చూపించి ‘వాల్కనో చూపించేశాం’ అంటారు టూర్ వాళ్ళు. అది గ్యాస్ పైకి తోసే బురద, లావాకీ దానికీ సంబంధం లేదు. బారెన్‌కే వెళ్ళండి, ఓడ పడమటి వైపుకు తిరుగుతుందో లేదో ముందే అడగండి. దిగనివ్వరు, దాని కోసం గొడవపడకండి.