ఏసీ గదిలో తలభారం ఎందుకు?

ప్రశ్న: మాదాపూర్‌లోని ఒక అద్దాల భవనంలో మా కార్యాలయం ఉంది. 2,000 చదరపు అడుగుల హాలులో 30 మందిమి పనిచేస్తున్నాము. కిటికీలు తెరుచుకోవు, స్ప్లిట్ ఏసీలే ఆధారం. మధ్యాహ్నం మూడు దాటేసరికి చాలామందికి తలభారం, ఆవలింతలు. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సరిపోదు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయటి యూనిట్ వేడిని బయటికి పంపుతుందే తప్ప గాలిని మార్చదు. ప్యూరిఫయర్ దుమ్ము కణాలను పట్టుకుంటుంది కానీ, 30 మంది వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించలేదు.

ముందు హాలులో ఆ వాయువు ఎంతుందో కొలిచి చూడండి. ఎన్‌డీఐఆర్ (పరారుణ కాంతితో ఈ వాయువును నేరుగా కొలిచే) సెన్సర్ ఉన్న మీటరునే కొనండి. చవక మీటర్లలో కొన్ని ఇతర వాయువులను బట్టి అంచనా అంకె చూపిస్తాయి. దానిని కూర్చున్నవారి ముఖం ఎత్తులో, ఎవరి ఊపిరీ నేరుగా తగలని చోట ఉంచి, ఉదయం తలుపులు తీయగానే ఒకసారి, మూడు గంటలకు మరొకసారి రాసుకోండి. ఆరుబయట కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎంకు (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలకు) కాస్త అటూఇటూగా ఉంటుంది. హాలులో 1,000 దాటిందంటే విషమని కాదు, మనుషులకు తగినంత బయటి గాలి అందడం లేదని అర్థం. కొత్త ఫర్నిచర్ వాసన, స్క్రీన్ మెరుపు వంటివీ తలనొప్పి తెప్పించవచ్చు కనుక, అంకె తక్కువగా ఉంటే కారణం వేరేచోట వెతకాలి.

అమెరికా ఇంజినీర్ల సంఘం ఆష్రే ప్రమాణం 62.1 ప్రకారం కార్యాలయాలకు మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, చదరపు మీటరుకు మరో 0.3 లీటరు బయటి గాలి కావాలి. మీ హాలుకు లెక్కిస్తే ఇది సెకనుకు సుమారు 130 లీటర్లు, అంటే దుకాణదారుల లెక్కలో 280 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). ఇది కనీసం మాత్రమే. ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి ఊరుకుంటే, అది లాగేసిన గాలికి బదులు ఏ సెల్లార్ పార్కింగ్ పొగో మెట్లదారి గుండా లోపలికి వస్తుంది. అందుకే బయటి గాలిని లోపలికి తోసే, ఫిల్టరుతో కూడిన ఫ్రెష్ ఎయిర్ ఫ్యానునే, జనరేటర్ గొట్టానికీ మరుగుదొడ్ల ఎగ్జాస్ట్‌కూ దూరంగా పెట్టించండి. వానాకాలపు తేమ గాలిని చల్లార్చడానికి ఏసీలపై ఒకటి, ఒకటిన్నర టన్నుల అదనపు భారం పడుతుంది; ఆ మేరకు సామర్థ్యం ఉందో లేదో మెకానిక్‌తో ముందే తేల్చుకోండి. గాలి మార్గానికి అద్దాల గోడకు రంధ్రం చేయాలంటే భవన యజమాని అనుమతి కావాలి కనుక, రాసుకున్న అంకెలతోనే ఆయన దగ్గరకు వెళ్లండి.