విక్రమార్కుడి బొమ్మ వేసింది వపా గారు కాదు, శంకర్ గారు

చందమామలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడిచే బొమ్మ వడ్డాది పాపయ్య (వపా) గారిదేనా అని అడిగారు. కాదండీ. ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలోనూ చాలామంది అలాగే అనుకుంటారు. పాపయ్య గారు శ్రీకాకుళంలో పుట్టారు, మాకు పొరుగాయనే. అందుకని మంచి బొమ్మ ఏది కనబడినా ఆయన ఖాతాలో వేసేస్తాం. ఆయన చందమామకు వేసినవి ముఖ్యంగా ముఖచిత్రాలు. బేతాళ కథల బొమ్మలు శంకర్ గారివి.

శంకర్ అంటే కె.సి. శివశంకరన్. 1924లో ఈరోడ్ వైపు ఒక పల్లెలో పుట్టారు. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో, దేవీప్రసాద్ రాయ్‌చౌదరి ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో బొమ్మలు నేర్చుకున్నారు. కొన్నాళ్లు ఒక తమిళ పత్రికలో పనిచేసి, 1950ల మొదట్లో చందమామలో చేరారు. ఇక దాదాపు 60 ఏళ్లు అక్కడే. బేతాళుడి పాత కథలు 25 ఎప్పుడో అయిపోయాయి. పత్రికవాళ్లు కొత్తవి కల్పిస్తూ పోయారు, ఈయన గీస్తూ పోయారు.

నాకు ఒడియా చదవడం వచ్చింది ఆయన బొమ్మల వల్లే. మా నాన్న పాతపట్నం వెళ్లినప్పుడల్లా తెలుగు చందమామ తెచ్చేవారు. బడిలో మాత్రం ఒడియా, నాకేమో అక్షరాలు కుదిరేవి కావు, పరీక్షలంటే టెన్షన్. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) వాళ్లకి జహ్నమాము, అంటే ఒడియా చందమామ, వచ్చేది. 1956లో మొదలైందది. రెండూ పక్కపక్కన పెడితే అదే కథ, అదే బొమ్మ, అక్షరాలే వేరు. కథ ముందే తెలుసు కాబట్టి ఒడియా అక్షరాలు ఊహించుకుంటూ పోయేవాణ్ణి. అలా కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'బేతాళ'.

ఓసారి బొమ్మ దించుకుందామని కాగితానికి కొబ్బరినూనె రాసి వాళ్ల పుస్తకం మీద పెట్టాను. నూనె నాలుగు పేజీలు దిగింది. మావుసి ఏమీ అనలేదు గానీ మా అమ్మ వీపు చిట్లగొట్టింది. ఆ వయసులో విక్రమార్కుడి కాళ్లు ఎన్నిసార్లు గీసినా నడుస్తున్నట్టు వచ్చేవి కావు. శంకర్ గారు గీస్తే కాగితం మీంచి నడిచి వచ్చేస్తున్నట్టే ఉండేది. బొమ్మలో ఏ మూల చూసినా ఏదో ఒకటి ఉండేది, గుడి గోపురం, కుండ, చెట్టు తొర్ర.

శంకర్ తెలుగువాడని నేను, కాదు ఒడియావాడని మావుసి కొడుకు, బడికి వెళ్లే దారంతా ఒకటే వాదన. 2020 సెప్టెంబరులో ఆయన పోయారని పేపర్లో చదివాక గానీ తమిళుడని నాకూ తెలియలేదు. మర్నాడే వాడికి ఫోన్ చేసి చెప్పాను.

"అయితే నలభై ఏళ్లు ఊరికే కొట్టుకున్నామా!" అన్నాడు.