కొత్త రిగ్ కొనే ముందు

అబ్బాయ్,

పాత రిగ్ (హామ్ రేడియో సెట్టు) అమ్మేసి కొత్తది తీసుకుంటానని రాశావు. సంతోషమే, కానీ ముందు ఒక పని చెయ్యి. రాత్రిపూట రిగ్‌ని బ్యాటరీకి తగిలించి, 40 మీటర్ల షార్ట్‌వేవ్ బ్యాండ్‌లో ఎవరూ లేని ఖాళీ జాగాలో పెట్టి, ఇంటి మెయిన్ ఆపేసి, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ చూడు. టార్చి దగ్గరుంచుకో. నేనలా చేసిన రోజు ఎస్7 దగ్గర వేలాడే ముల్లు ఎస్2కి పడిపోయింది. అంటే ఐదు ఎస్ యూనిట్లు (మీటర్ మీది అంకెలు), దాదాపు 30 డెసిబెల్స్. రెండేళ్లుగా రిసీవర్‌ని తిట్టుకుంటున్నాను, దొంగేమో ఒక ఎల్‌ఈడీ దీపం అడాప్టర్! ఆ గోల కొత్త రిగ్‌లోనూ వినిపిస్తుంది. పైగా సిగ్నళ్లను బొమ్మగా చూపే వాటర్‌ఫాల్ తెర మీద రంగుల్లో కనిపిస్తుంది కూడా.

తర్వాత కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) చివరి పీఎల్-259 ప్లగ్ విప్పి చూడు. లోపలి రాగి అల్లిక నల్లబడిందంటే నీళ్లు దిగినట్టే. ఆ ముక్క కోసేసి కొత్త ప్లగ్ వెయ్యడానికి అరగంట చాలు.

100 వాట్లు చాలక 200 వాట్ల రిగ్ చూస్తున్నావా? పెరిగేది 3 డెసిబెల్స్, అంటే అర ఎస్ యూనిట్. అవతలివాడికి తేడా తెలిస్తే గొప్పే.

ఇవన్నీ చూశాక కూడా మనసు లాగితే కొను, నేనూ కొన్నాను. నన్ను ఒప్పించింది కాంటెస్ట్ (హామ్ స్టేషన్ల పోటీ) రాత్రి. పక్కనే గట్టి స్టేషన్ అరుస్తుంటే పాత రిగ్‌లో బలహీనమైన సిగ్నల్ మునిగిపోయేది, కొత్తదానిలో విడిగా నిలబడింది. అందుకే ఎంత చిన్న సిగ్నల్ పట్టగలదో చెప్పే సెన్సిటివిటీ అంకె చూసి మురిసిపోకు. రాత్రి 40 మీటర్లలో ఆకాశం నుంచి వచ్చే నాయిసే రిసీవర్ సొంత నాయిస్ కంటే ఎక్కువ. 2 కిలోహెర్ట్‌జ్ ఎడంలో డైనమిక్ రేంజ్, అంటే పక్కన గట్టి సిగ్నల్ ఉన్నా బలహీనమైనదాన్ని విడిగా వినిపించే శక్తి, ఎంతో చూడు. ట్రాన్స్‌మిట్ ఎంత శుభ్రంగా ఉందో కూడా అడుగు, లేకపోతే ఆ అరిచే స్టేషన్ నువ్వే అవుతావు. ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ పద్ధతి వాడేవాడికి ఒక్క యూఎస్‌బీ వైరుతో పని జరగడం చిన్న సుఖమేమీ కాదు. నేను పడ్డ ఆడియో కేబుళ్ల చిక్కులు నీకు తెలుసుగా.

తెచ్చాక తొందరపడకు. ఎనిమిది పిన్నుల మైక్ ప్లగ్ చూడ్డానికి ఒకేలా ఉంటుంది కానీ ఐకామ్ కంపెనీ వైరింగ్ వేరు, కెన్‌వుడ్‌ది వేరు. నేనిచ్చిన, పవర్ పెంచే వాల్వుల లీనియర్‌ని మాత్రం నేరుగా తగిలించొద్దు. అలాంటి పాతవాటిలో కొన్నిటి, రిగ్‌కి కలిపే రిలే లైన్‌లో 100 వోల్టుల పైనే ఉంటుంది. కొత్త రిగ్‌లోని ఆ లైన్‌ని ఆన్ చేసే చిన్న కీయింగ్ ట్రాన్సిస్టర్ ఒక్క దెబ్బకు పోతుంది. మీటర్ పెట్టి కొలిచి, మధ్యలో రెండిటినీ విడదీసే బఫర్ రిలే వేసుకో. పవర్ సప్లై చవగ్గా వస్తోందని తీసుకోకు, కొన్ని స్విచింగ్ సప్లైలే పెద్ద గోల. 100 వాట్లకు రిగ్ 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లకు పైగా లాగుతుంది, 30 ఆంపియర్లది ఉంచుకో.

పాతదాన్ని రెండు నెలలైనా అమ్మకు. ఒకే యాంటెన్నా మీద స్విచ్ పెట్టి రెండూ మార్చి మార్చి విను.

మెయిన్ ఆపినప్పుడు ముల్లు ఎంత పడిందో రాయి. ఏ రిగ్ అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
నీ బాబాయ్