జెల్లీఫిష్, ఆక్టోపస్ గాజు శిల్పాలు కళ అవుతాయా, లేక ఖరీదైన అలంకరణ వస్తువులేనా?

చేత్తో చేసిన సముద్రజీవుల గాజు శిల్పాలను కళ అనవచ్చా, లేక ప్రకృతిలో ఉన్నదానికి నకలుగా చేసిన ఖరీదైన అలంకరణ వస్తువులుగానే లెక్కించాలా, వాటి ధర ఎందుకంత ఎక్కువ అని మీరు అడిగారు. మంట ముందు కూర్చుని గాజు పని నేర్చుకుంటున్న మనిషిగా నా సమాధానం సూటిగా చెబుతాను. అవి కళే, కానీ అందరూ చెప్పే కారణానికి మాత్రం కాదు. "అచ్చం ప్రాణమున్నట్టే ఉంది" అన్న మాటను చాలామంది పెద్ద మెచ్చుకోలుగా వాడతారు. నా దృష్టిలో పోలిక తర్వాతి సంగతి. ఎముక లేని మెత్తని శరీరం ఏ నియమం ప్రకారం సాగుతుందో, వంగుతుందో, కరిగిన గాజు కూడా దాదాపు అదే నియమం ప్రకారం సాగుతుంది, వంగుతుంది. ఆ సంగతి ఎరిగి, గాజును దాని దారిన పోనిస్తూనే అందులోంచి జీవిని రాబట్టగలిగినవారు కళాకారులు. అది పట్టించుకోకుండా పైరూపాన్ని గాజు మీద రుద్దినవారు తయారుచేసేది బొమ్మ.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాలు చదివి ఏర్పడలేదు. మాకు పని నేర్పే గురువుగారు ఒక మధ్యాహ్నం ఆక్టోపస్ చేయడానికి కూర్చున్నప్పుడు పక్కన నిలబడి చూడడం వల్ల ఏర్పడింది. ఆవిడ ముందు ప్రొపేన్, ఆక్సిజన్ కలిసి మండే టార్చ్ బల్లకు బిగించి ఉంది. చేతిలో వేడికి బాగా తట్టుకునే బోరోసిలికేట్ గాజు గొట్టం, పక్కన లావు నుంచి సన్నం దాకా వరుసగా పేర్చిన గాజు కడ్డీలు ఉన్నాయి. గాజు మంటలోకి వెళ్లగానే అందులోని సోడియం వల్ల పసుపు వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగు అడ్డుపడి లోపల గాజు ఏమవుతోందో మామూలు కంటికి తెలియదు కాబట్టి ఈ పని చేసేవారు డిడిమియమ్ కళ్లద్దాలు పెట్టుకుంటారు. నాకూ ఒక జత ఇచ్చారు. అవి పెట్టుకోగానే ఆ పసుపు తెర తొలగిపోయింది. మెత్తబడిన గాజు తేనెలా కిందికి జారబోవడం, ఆవిడ గొట్టాన్ని ఆపకుండా తిప్పుతూ ఆ జారుడును నిలబెట్టడం స్పష్టంగా కనిపించాయి.

సంచిలా ఉండే దేహభాగాన్ని ముందు ఊది సిద్ధం చేశారు. తర్వాత చేతుల వంతు వచ్చింది. ఒక్కో కడ్డీ కొసను దేహానికి అతికించి, అతుకు దగ్గర బాగా వేడి చేసి, మంటలోంచి బయటికి తీసి నెమ్మదిగా లాగేవారు. అది సాగుతూ, సన్నబడుతూ, బిగుసుకునే లోపల మణికట్టు చిన్నగా తిప్పితే కొస చుట్ట తిరిగేది. మూడో చెయ్యి మిగతావాటికంటే పొట్టిగా ఉందనిపించి, "ఇది ఇంకొంచెం పొడుగు లాగకూడదా గురువుగారూ?" అని అడిగాను. ఆవిడ చెయ్యి ఆపకుండానే, "లాగితే సన్నబడుతుంది. పొడుగూ కావాలి, లావూ కావాలి అంటే ఇది ఒప్పుకోదు. ఆక్టోపస్ చెయ్యి కూడా ఒప్పుకోదు" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ఆక్టోపస్ చేతిలో ఎముక ఉండదు, మొత్తం కండరమే. కండరంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి దాన్ని నొక్కినా ఘనపరిమాణం మారదు. అడ్డంగా ఉన్న కండరాలు బిగిసి చెయ్యి సన్నబడితే అది పొడవు పెరిగి తీరాలి, నిలువు కండరాలు బిగిసి పొట్టిదైతే లావెక్కి తీరాలి. మన నాలుక, ఏనుగు తొండం కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. కరిగిన గాజు కడ్డీకి ప్రాణం లేకపోయినా, లాగినప్పుడు దానిదీ ఇదే లెక్క. ఉన్న గాజే పొడవుకు సర్దుకుంటుంది, అందుకు తగ్గట్టు మందం తగ్గుతుంది. కొస వైపు సన్నబడే ఆ వంపును మన చెయ్యి గీయడం లేదు, పదార్థమే గీసుకుంటోంది. అందుకే బాగా చేసిన గాజు ఆక్టోపస్‌ను చూసినప్పుడు, ఎందుకో చెప్పలేకపోయినా, అది నిజమని కన్ను ఒప్పుకుంటుంది.

చూషకాల దగ్గర, అంటే ఆక్టోపస్ చేతుల అడుగున పట్టు కోసం ఉండే చిన్న గిన్నెల్లాంటి భాగాల దగ్గర, ఆవిడ తీసుకున్న శ్రద్ధ కూడా చెప్పి తీరాలి. సన్నని కడ్డీ కొసను కరిగించి చేతి అడుగున చిన్న చుక్క పెట్టడం, ఆ చుక్కను మాత్రమే మళ్లీ వేడి చేసి మధ్యలో టంగ్‌స్టన్ సూదితో తాకి గుంట చేయడం, పక్క చుక్కకు వెళ్లడం; చేతికి రెండు వరుసలు, మొదట్లో పెద్దవి, కొసకు వచ్చేసరికి కంటికి ఆనీ ఆనని పరిమాణంలోకి తగ్గినవి. ఒక చేతి మీద పని నడుస్తుంటే మిగతా చేతులు చల్లారకూడదు. ఒకవైపు చల్లారి మరోవైపు మండుతూ ఉంటే మధ్యలో ఒత్తిడి పుట్టి, టిక్కుమన్న చిన్న శబ్దంతో అంతా పగిలిపోతుంది. అందువల్ల ప్రతి కొన్ని చుక్కలకూ ఒకసారి శిల్పం మొత్తాన్ని మంట అంచున తిప్పి మళ్లీ పని మొదలుపెట్టేవారు. చివరికి కళ్లు పెట్టేటప్పుడు తల పక్కకు ఒరిగి ఉన్నా కంటిపాప గీతను మాత్రం నేలకు సమాంతరంగా పెట్టారు. ఆక్టోపస్ శరీరం ఎటు తిరిగినా దాని కంటిపాప అడ్డంగానే నిలిచి ఉంటుంది. బతికున్న జీవిని ఓపికగా గమనించినవారికే ఆ గీత అలా పెట్టాలన్న ఆలోచన వస్తుంది.

పూర్తయిన శిల్పాన్ని వెంటనే కొలిమిలో పెట్టి, ఈ రకం గాజుకు 560 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కొంతసేపు ఉంచి, ఆ తర్వాత మెల్లగా చల్లార్చాలి. ధర ఎందుకంత ఎక్కువ అన్న మీ ఉపప్రశ్నకు ఇంత ఓపిక కావలసిన ఈ పనిలోనే జవాబు ఉంది కాబట్టి దాని జోలికి మళ్లీ వెళ్లను.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోకుండా ఉండలేను. అచ్చులో పోసి నొక్కిన సరుకును "చేత్తో చేసినది" అని చీటీ అంటించి అమ్మేవారు రోజురోజుకూ పెరుగుతున్నారు. అచ్చు నుంచి వచ్చిన ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులూ ఉంటాయి, రంగూ ఉంటుంది, కానీ చెయ్యి ఎక్కడా సాగి ఉండదు. మందం ఉండాల్సిన చోట ఉండదు, తగ్గాల్సిన చోట తగ్గదు, చూషకాలన్నీ ఒకే ముద్ర వేసినట్టు ఉంటాయి, పక్కన అచ్చు రెండు సగాలు కలిసిన గీత సన్నగా కనిపిస్తుంది. అలాంటివాటిని చూసి "ఇవి అలంకరణ వస్తువులే కదా" అన్న అభిప్రాయానికి వచ్చేవారిని నేను తప్పుపట్టను. వారికి అసలు వస్తువు చూసే అవకాశమే దొరకలేదు.

అసలు వస్తువు అంటే ఎలా ఉంటుందో తెలియాలంటే లియోపోల్డ్ బ్లాష్కా, ఆయన కుమారుడు రుడాల్ఫ్ చేసిన పని చూడాలి. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాలో గాజు పనివారి వంశంలో 1822లో పుట్టిన లియోపోల్డ్, 1853లో అమెరికాకు ఓడలో వెళ్తుండగా గాలి లేక ఓడ నిలిచిపోయిన రోజుల్లో, రాత్రివేళ నీటిలో వెలుగుతున్న జెల్లీఫిష్‌లను చూసి బొమ్మలు గీసుకున్నారు. జెల్లీఫిష్ శరీరంలో దాదాపు 95 శాతం నీరే. దాన్ని ఆల్కహాల్ సీసాలో పెడితే రంగు పోతుంది, ఆకారం కుంగిపోతుంది. ఆ కాలపు మ్యూజియంలకు, జీవశాస్త్ర పాఠాలు చెప్పేవారికి ఇది తీరని చిక్కు. డ్రెస్డెన్ సహజ చరిత్ర మ్యూజియం అధిపతి రైషెన్‌బాఖ్ 1863లో పువ్వుల్లా కనిపించే మెత్తని సముద్రజీవులైన సీ అనిమోన్‌ల నమూనాలు చేయించుకోవడంతో ఆ చిక్కుకు గాజు రూపంలో పరిష్కారం దొరికింది. తండ్రీకొడుకులు సహాయకులు లేకుండానే కొన్ని దశాబ్దాల్లో సుమారు 10,000 సముద్రజీవుల నమూనాలు చేసి లండన్, డబ్లిన్ మొదలుకొని అనేక నగరాల మ్యూజియంలకు పంపారు. 1885లో కార్నెల్ విశ్వవిద్యాలయం కొన్న సంగ్రహంలోనే 570 దాకా ఉన్నాయి.

వారి తొలి అనిమోన్‌లకు ఆధారం ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ ప్రచురించిన రంగుల చిత్రాలు. తర్వాతి కాలంలో ఇంట్లోనే తొట్టెలు పెట్టి, బతికున్న జీవులను తెప్పించుకుని, వాటిని చూస్తూ పనిచేశారు. చదునైన చిత్రం ఒక జీవి ఎలా కనిపిస్తుందో చెబుతుంది, తొట్టె అది ఎలా కదులుతుందో చెబుతుంది. గాజుకు కావలసింది రెండోదే. తమ దగ్గర ఏదో రహస్య యంత్రం ఉందని జనం అనుకుంటున్నారనీ, అదేమీ లేదనీ, ఉన్నది తరతరాలుగా పెరుగుతూ వచ్చిన నేర్పు మాత్రమేననీ లియోపోల్డ్ 1889లో ఒక ఉత్తరంలో రాశారు. ఆ తర్వాత హార్వర్డ్‌తో కుదిరిన ఒప్పందం వల్ల వారి సమయమంతా గాజు పువ్వులకే వెళ్లిపోయి, సముద్రజీవుల పని ఆగిపోయింది. పువ్వులు ఎంత పేరు తెచ్చినా, ఆ మార్పు వల్ల మనం పోగొట్టుకున్నదే ఎక్కువని నా గట్టి నమ్మకం. పువ్వుకు మైనం కూడా సరిపోతుంది, జెల్లీఫిష్‌కు గాజు తప్ప గత్యంతరం లేదు.

బ్లాష్కాలు గాజుతో పాటు రంగు పూత, జిగురు, సన్నని తీగ, కాగితం కూడా వాడారు కాబట్టి అది శుద్ధమైన గాజు పని కాదనే వాదన మా వృత్తిలో తరచూ వినిపిస్తుంది. నేను ఆ వాదనను ఒప్పుకోను. ఆ జిగురు ఎండి కొన్ని నమూనాల చేతులు ఊడిపోయిన మాట, తేమ వల్ల కొన్నిటి గాజు పైపొర చెడిపోయిన మాట నిజమే. అంతమాత్రాన వాటి వెనకనున్న చూపు విలువ తగ్గదు.

రెండో దారి కూడా ఉంది. అమెరికా గాజు కళాకారుడు డేల్ చిహులీ 1980లో మొదలుపెట్టిన సీఫార్మ్స్ వరుసలో ఏ ఒక్క జీవీ గుర్తుపట్టేలా ఉండదు. ఊదుతున్న గాజును గాడులున్న అచ్చులోకి దింపి తీస్తే దాని గోడ మీద నిలువు గట్లు ఏర్పడతాయి. ఆ గట్ల బలం వల్ల గాజును ఎంతో పలచగా ఊదినా అది నిలుస్తుంది. సముద్రంలో ఎన్నో గవ్వలు పలచని గోడను నిలబెట్టుకునేది కూడా ఇలాంటి గాడులతోనే. ఇక్కడ అచ్చు వాడారు కదా అని మీరు అడగవచ్చు. ఆ అచ్చు ఆకారాన్ని ముగించడం లేదు. దానికి బలమిచ్చి వదిలేస్తోంది, మిగతాది ఊపిరి, వేడి, గిరగిరా తిరగడం చేసే పని. పేరు పెట్టలేని ఆ ఆకారాలు, పొలుసు పొలుసూ లెక్కపెట్టి చేసిన ఎన్నో గాజు చేపలకంటే సముద్రానికి దగ్గరగా ఉన్నాయని నేను అంటాను.

మీ ప్రశ్నలో "నకలు" అన్న మాట కూడా ఉంది. దాని మీద ఒక న్యాయస్థానం తీర్పే ఉంది. రిచర్డ్ సతావా అనే అమెరికా కళాకారుడు పారదర్శకమైన గాజు లోపల రంగుల జెల్లీఫిష్ నిలువుగా తేలుతున్నట్టు శిల్పాలు చేసేవారు. క్రిస్టఫర్ లౌరీ అనే మరో కళాకారుడు అలాంటివే చేస్తుంటే ఆయన మీద సతావా దావా వేశారు. 2003లో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం లౌరీ వైపు తీర్పు చెప్పింది. జెల్లీఫిష్ నిలువుగా ఈదడం, గొడుగు ఆకారం, వేలాడే పోగులు, మెరిసే రంగులు ఆ జీవి శరీరం నుంచి వచ్చినవి కాబట్టి వాటి మీద ఎవరికీ గుత్తహక్కు ఉండదనీ, తన శిల్పాన్ని ఇతరులు ఉన్నది ఉన్నట్టుగా దింపుకోకుండా అడ్డుకునే పలచని రక్షణ మాత్రమే సతావాకు దక్కుతుందనీ దాని సారాంశం. ఆ రోజుల్లో సతావా పట్ల నాకు సానుభూతి కలిగినా, తీర్పు సరైనదనే అనుకుంటాను. గొడుగు జెల్లీఫిష్‌ది. దాని అంచు ఎక్కడ పలచబడాలి, ఏ పోగును తెంపకుండా ఎంతదాకా లాగాలి అన్న నిర్ణయాలు మాత్రం చేసినవారివి, కళ అంతా ఆ నిర్ణయాల్లోనే ఉంటుంది.

ప్రదర్శించేవారి మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఒకచోట చక్కటి జెల్లీఫిష్ శిల్పాల కింద క్షణానికో రంగు మారే దీపాలు పెట్టారు. వాటిని ఆపమని అడిగితే, సందర్శకులకు ఇదే నచ్చుతోందని నిర్వాహకులు జవాబిచ్చారు. నీటిలో జెల్లీఫిష్ దాదాపు కనిపించదు, ఎందుకంటే దాని శరీరం కాంతిని వంచే తీరు నీటి తీరుకు ఎంతో దగ్గరగా ఉంటుంది. పక్క నుంచి పడిన వెలుగు అంచుల మీద చెదిరినప్పుడే అది బయటపడుతుంది. గాజు శిల్పాన్నీ అలాగే చూపించాలి. వెనక నల్లని నేపథ్యం పెట్టి, ఒకే ఒక్క తెల్లని దీపాన్ని పక్క నుంచి పడనిస్తే చేసినవారి ప్రతి నిర్ణయమూ కనిపిస్తుంది. కింది నుంచి వచ్చే రంగుల వెలుగులో మంచి పనికీ అచ్చు సరుకుకూ తేడా తెలియదు.

కాబట్టి ఈసారి ఇలాంటి శిల్పం మీ ఎదుటికి వచ్చినప్పుడు దూరం నుంచి చూసి తేల్చవద్దు. అనుమతి తీసుకుని అడుగు భాగాన్ని చూడండి. జెల్లీఫిష్ అయితే గొడుగు లోపలి వైపు నోటి దగ్గర మడతలు ఉన్నాయో లేదో, పోగులు ఒకే మందంలో అతికించారో లేక మొదలు నుంచి కొసకు సాగదీశారో చూడండి. ఆక్టోపస్ అయితే చేతులు దేహాన్ని కలిసే చోట గాజు కరిగి ఒకటైందో, జిగురు గీత కనిపిస్తోందో పరిశీలించండి. అడుగు భాగాన్ని చూపించడానికి అమ్మేవారు ఇష్టపడకపోతే ఆ వస్తువును కొనకండి.